లైన్ బాగానే ఉంది, నాలుగు సిస్టమ్‌లలో మాత్రం నెట్ రాదు

ప్రశ్న: అన్నా, నమస్తే. అనంతపురం సాయినగర్‌లో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ గారి ఆఫీసులో అకౌంటెంట్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గర పదకొండు సిస్టమ్‌లు ఉన్నాయి. రెండు నెలలుగా పొద్దున ఆఫీసు తెరిచేసరికి మూడు నాలుగు సిస్టమ్‌లలో బ్రౌజింగ్ కావడం లేదు. ఒకరోజు నాది, ఇంకోరోజు పక్కవాళ్లది. నెట్ రాని సిస్టమ్ నుంచి ప్రింట్ కూడా పోదు. రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. ఇంటర్నెట్ వాళ్లను పిలిస్తే తమ ల్యాప్‌టాప్ పెట్టి చూసుకుని, లైన్ బాగానే ఉందని చెప్పి వెళ్లిపోతున్నారు. మూలనున్న పాత సిస్టమ్‌లో మాత్రం రోజూ ఏ సైట్ తెరిచినా ప్రైవసీ ఎర్రర్ అని వస్తుంది. ఇంకొకదాంట్లో విండోస్ 7 ఉంది. అందులో కొన్ని సైట్లు వస్తాయి, కొన్ని సగమే తెరుచుకుంటాయి. ఆఫీసులో కంప్యూటర్ సంగతి కాస్త తెలిసింది నాకే కాబట్టి, నేనే ఏదో నొక్కి చెడగొట్టానని సార్ అంటున్నారు. జీఎస్టీ రిటర్నుల ఆఖరు రోజు, 20వ తేదీ, దగ్గర పడేకొద్దీ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. కనెక్షన్ మార్చేద్దామంటున్నారు సార్. మారిస్తే పోతుందా? సిగ్నల్ కోసం రెండు నెలల కిందట సార్ క్యాబిన్‌లో కొత్త వైఫై బాక్స్ కూడా పెట్టించాం.

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట గట్టిగా చెబుతాను. మీరు ఏదీ నొక్కి చెడగొట్టలేదు. ఒక సిస్టమ్ ముందు కూర్చుని ఏం నొక్కినా చెడితే ఆ సిస్టమ్ చెడుతుంది. ఇవాళ మీది, రేపు పక్కవాళ్లది అంటూ పదకొండు సిస్టమ్‌ల మధ్య తిరిగే జబ్బు ఒకరి కీబోర్డు నుంచి రాదు, మధ్యలో ఉన్న పెట్టెల నుంచి వస్తుంది. ఈ ముక్క మీ సార్‌కు చదివి వినిపించండి. మన ఊళ్లలో చిన్న ఆఫీసులకు నెట్‌వర్క్ చూసుకోవడానికంటూ ఒక మనిషి ఉండడు. కాస్త తెలిసినవాళ్ల నెత్తిన ఆ పని పడుతుంది, పనితోపాటు నిందా పడుతుంది. కర్నూలు నుంచి కడప దాకా ఇరవై ఏళ్లుగా ఆఫీసుల్లో కేబుళ్లు లాగుతున్నాను. ఈ అన్యాయం వెళ్లిన ప్రతిచోటా కనబడుతూనే ఉంది.

కనెక్షన్ మార్చకండి. ఇంటర్నెట్ వాళ్లు చెప్పింది నిజమే. మిగతా ఏడు సిస్టమ్‌లలో నెట్ చక్కగా వస్తుంటే లైన్‌ను అనుమానించాల్సిన పని లేదు. పైగా నెట్ రాని సిస్టమ్ నుంచి ప్రింట్ కూడా పోదని రాశారు. మీ ఉత్తరంలో ఎక్కువ పనికొచ్చిన సంగతి ఇదే. ప్రింట్‌కు ఇంటర్నెట్‌తో పనేముంది? మీ టేబుల్ దగ్గర బయల్దేరి, స్విచ్ (అన్ని సిస్టమ్‌ల కేబుళ్లూ వచ్చి కలిసే పెట్టె) మీదుగా ప్రింటర్‌కు చేరుతుంది. ఆఫీసు గడప దాటదు. అదీ పోవడం లేదంటే తేడా గడప లోపలే ఉంది. కొత్త కనెక్షన్ తెచ్చినా ఆ నాలుగు సిస్టమ్‌లు అట్లాగే ఉంటాయి, డబ్బు దండగ.

ఇక అడగాల్సిందంతా అడిగేశాక, ఉత్తరం చివర్న ఊరికే అన్నట్టు ఒక వాక్యం రాశారు. రెండు నెలల కిందట క్యాబిన్‌లో కొత్త వైఫై బాక్స్ పెట్టించామని. జబ్బు మొదలైందీ రెండు నెలల కిందటే. నా అనుమానమంతా ఆ బాక్స్ మీదే.

ఎందుకో చెబుతాను. నెట్‌వర్క్‌లో ప్రతి సిస్టమ్‌కూ ఒక నంబరు ఉండాలి, దాన్నే ఐపీ అడ్రస్ అంటాం. మన ఆఫీసుల్లో అది ఎక్కువగా 192.168 అని మొదలవుతుంది. ఈ నంబర్లను మనం చేత్తో ఇవ్వం. సిస్టమ్ ఆన్ కాగానే, లేదా తీసుకున్న నంబరు గడువు తీరిపోతే, ‘నాకో నంబరు ఇవ్వండి’ అని నెట్‌వర్క్ మొత్తానికి వినబడేలా కేక వేస్తుంది. రౌటర్‌లో, అంటే బయటి లైన్‌ను ఆఫీసుకు పంచే పెట్టెలో, ఉండే డీహెచ్‌సీపీ అనే ఏర్పాటు ఆ కేక విని, ‘ఇదిగో నీ నంబరు, బయటికి పోవాలంటే ఇదీ దారి, సైట్ల పేర్లు తెలియకపోతే ఇక్కడ అడుగు’ అని మూడు సంగతులూ చెబుతుంది. ఆ దారి నంబరునే డిఫాల్ట్ గేట్‌వే అంటారు, పేర్లు అడిగే చోటును డీఎన్ఎస్ సర్వర్ అంటారు.

ఇట్లా చెప్పే పెట్టె ఆఫీసులో ఒక్కటే ఉన్నంతవరకు గొడవ లేదు. కొత్త వైఫై బాక్స్ కూడా రౌటరే. దాంట్లోనూ డీహెచ్‌సీపీ ఉంటుంది, కంపెనీ నుంచే ఆన్‌లో వస్తుంది. అమర్చిన మనిషి దాని లాన్ పోర్టుల్లో (ఆఫీసు సిస్టమ్‌లు కలిపే రంధ్రాల్లో) ఒకదానికి కేబుల్ గుచ్చి, మీ స్విచ్‌కు కలిపేసి వెళ్లిపోయి ఉంటాడు. ఇప్పుడు కేకకు ఇద్దరు పలుకుతున్నారు. టవర్ క్లాక్ దగ్గర బస్సు దిగిన కొత్త మనిషి దారి అడిగితే, చెరో పక్క నిలబడ్డ ఇద్దరు చెరో దారి చూపించినట్టు. సిస్టమ్ సాధారణంగా ముందు వినబడ్డ జవాబునే పట్టుకుంటుంది. పాత రౌటర్ ముందు పలికితే నెట్ వస్తుంది, ప్రింటూ పోతుంది. కొత్త బాక్స్ ముందు పలికితే ఆ సిస్టమ్ వేరే వరుసలో, అంటే మొదటి మూడు అంకెలు మిగతా సిస్టమ్‌లతో కలవని నంబరు తీసుకుని, బయటికి దారి కొత్త బాక్సే అని నమ్మి, అక్కడికి పోయి ఆగిపోతుంది. ఎందుకంటే ఆ బాక్స్ వ్యాన్ పోర్టు, అంటే బయటి లైన్ పెట్టే చోటు, ఖాళీగా ఉంది, దానికే నెట్ లేదు. ప్రింటర్ పాత వరుసలో ఉంది కాబట్టి దాన్ని చేరడమూ కుదరదు. పొద్దున్నే ఎక్కువగా రావడానికి, ఒక్కోరోజు ఒక్కో సిస్టమ్‌కు రావడానికి, రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి బాగుపడటానికి, మూడింటికీ ఇదొక్కటే కారణం. రీస్టార్ట్ చేసినప్పుడల్లా మీరు ఇంకోసారి చీటీ తీస్తున్నారన్న మాట. అన్నట్టు, క్యాబిన్‌లో సార్ ఫోన్‌కు కూడా అప్పుడప్పుడు వైఫై కలిసి ఉండి కూడా నెట్ రావడం లేదేమో అడిగి చూడండి.

నా మాట నమ్మి వెంటనే ఏదీ మార్చకండి. ముందు కళ్లతో చూసుకోండి. రేపు పొద్దున నెట్ వస్తున్న సిస్టమ్ ఒకటి, రాని సిస్టమ్ ఒకటి ఎంచుకోండి. రాని సిస్టమ్‌ను రీస్టార్ట్ చేయొద్దు, చేస్తే సాక్ష్యం చెరిగిపోతుంది. కీబోర్డు మీద విండోస్ బొమ్మ ఉన్న మీట, ఆర్ కలిపి నొక్కి, సీఎండీ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. నల్ల తెర వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లీషులో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేయండి. తర్వాత ఒక ఖాళీ ఇచ్చి, స్లాష్, దాని పక్కనే ఆల్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. చాలా వరుసలు వస్తాయి. మనకు కావలసినవి నాలుగే: ఐపీవీ4 అడ్రస్, డిఫాల్ట్ గేట్‌వే, డీహెచ్‌సీపీ సర్వర్, డీఎన్ఎస్ సర్వర్స్. రెండు సిస్టమ్‌ల వరుసలూ ఫోన్‌తో ఫొటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. బాగున్నదాంట్లో గేట్‌వే 192.168.1.1 అని, బాగోలేనిదాంట్లో 192.168.0.1 అని ఉందనుకోండి, దొంగ దొరికినట్టే. మీ దగ్గర అంకెలు వేరేగా ఉండొచ్చు. డీహెచ్‌సీపీ సర్వర్ అన్నచోట రెండింటికీ తేడా ఉందా లేదా అన్నదే అసలు సంగతి.

ఒక్కోసారి రెండు బాక్సులూ కంపెనీ నుంచి ఒకే నంబరుతో, అంటే రెండూ 192.168.1.1 తోనే వస్తాయి. అప్పుడు ఫొటోల్లో తేడా కనబడదు, గొడవ మాత్రం ఇంకా ఎక్కువగా ఉంటుంది. దానికీ ఖర్చు లేని పరీక్ష ఉంది. సాయంత్రం ఇళ్లకు పోయేముందు, స్విచ్ నుంచి క్యాబిన్ బాక్స్‌కు పోయే కేబుల్ పీకేయండి. మర్నాడు అన్ని సిస్టమ్‌లూ కొత్తగా ఆన్ చేయండి. రెండు మూడు రోజులు అన్నింట్లో నెట్ వచ్చి, ప్రింట్లు పోతే ఇంకేం వెతకక్కర్లేదు.

సరిచేయడం పావుగంట పని. అట్లాగని సార్ క్యాబిన్‌లో వైఫై తీసేయమని చెప్పడం లేదు. ఆ బాక్స్‌ను స్విచ్ నుంచి విడదీసి, ఒక్క సిస్టమ్‌ను మాత్రం దాని లాన్ పోర్టుకు కేబుల్‌తో కలపండి. బాక్స్ అడుగున అంటించిన కాగితం మీద దాని నంబరు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి. బ్రౌజర్‌లో ఆ నంబరు కొడితే సెట్టింగ్స్ పేజీ వస్తుంది. అందులో ఆపరేషన్ మోడ్ అని ఉండి, యాక్సెస్ పాయింట్ (నంబర్లు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే తీరు) అనే ఎంపిక కనబడితే దాన్ని పెట్టి సేవ్ చేయండి, పని అయిపోయింది. ఆ ఎంపిక లేని బాక్స్ అయితే ముందు డీహెచ్‌సీపీ సర్వర్‌ను ఆఫ్ చేయండి. తర్వాత లాన్ సెట్టింగ్స్‌లో బాక్స్ నంబరును పాత రౌటర్ వరుసలోకి, ఎవరూ వాడని నంబరుకు మార్చండి. పాత రౌటర్ 192.168.1.1 అయి, అది సిస్టమ్‌లకు 100 నుంచి 200 దాకా పంచుతుంటే, దీనికి 192.168.1.2 పెట్టొచ్చు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పంచుతుందో పాత రౌటర్ డీహెచ్‌సీపీ పేజీలోనే ఉంటుంది. ఇది మార్చగానే ఆ పేజీ తెగిపోతుంది, కంగారు పడకండి, నంబరు మారింది కాబట్టి అట్లా అవుతుంది. రెండింట్లో ఎట్లా చేసినా, చివర్న స్విచ్ నుంచి వచ్చే కేబుల్‌ను మళ్లీ దాని లాన్ పోర్టుకే పెట్టండి.

కొందరు కేబుల్‌ను వ్యాన్ పోర్టులో పెట్టేస్తే సరిపోతుందంటారు. రెండు బాక్సుల వరుసలు వేరైతే ఫోన్లకు నెట్ వస్తుంది, నిజమే. కానీ క్యాబిన్ ఒక వేరే నెట్‌వర్క్ అయిపోయి, సార్ ల్యాప్‌టాప్‌లో ఆఫీసు షేర్ ఫోల్డర్లు కనబడకుండా పోతాయి. ట్యాక్స్ ఆఫీసుకు అది కుదరదు. నేనైతే మొదటి పద్ధతే చేస్తాను.

అంతా అయ్యాక కూడా ఏదైనా సిస్టమ్ పాత తప్పు నంబరునే పట్టుకుని కూర్చుంటే, నల్ల తెరలో ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్, తర్వాత ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ అని కొట్టండి. ఉన్న నంబరు వదిలేసి కొత్తది అడుగుతుంది. ఆ సందర్భంలోనే ప్రింటర్‌కు కూడా రౌటర్ పంచే నంబర్లకు బయట ఒక నంబరు, ఉదాహరణకు 192.168.1.50, స్థిరంగా పెట్టించండి. ప్రింటర్ నంబరు మారినప్పుడల్లా పదకొండు సిస్టమ్‌లలో మళ్లీ కలుపుకునే బాధ తప్పుతుంది.

ఇక మీ మూల సిస్టమ్. ప్రైవసీ ఎర్రర్ వచ్చేదానికీ పై గొడవకూ సంబంధం లేదు. దాని తెర మీద కుడివైపు కింద తేదీ చూడండి. ఏదో పాత సంవత్సరం కనబడుతుందని నా నమ్మకం. ఇప్పుడు దాదాపు ప్రతి సైట్‌కూ, అది అసలైనదేనని చెప్పే ఒక సర్టిఫికెట్ ఉంటుంది. ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లుతుందని దాని మీద రాసి ఉంటుంది. సిస్టమ్ గడియారం పదేళ్లు వెనక ఉంటే, బ్రౌజర్ లెక్క ప్రకారం ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. అందుకే లోపలికి పోనివ్వదు. తేదీ సరిచేస్తే వెంటనే సైట్లు తెరుచుకుంటాయి. కానీ కరెంటు తీసి పెట్టగానే మళ్లీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీద బటన్ బ్యాటరీ అయిపోయినట్టు. గుండ్రంగా రూపాయి బిళ్లలా ఉంటుంది, దాని మీద సీఆర్2032 అని, 3 వోల్టులు అని రాసి ఉంటుంది. వంద రూపాయల లోపే దొరుకుతుంది. సిస్టమ్ ఆఫ్ చేసి, ప్లగ్ కూడా పీకి, పాతది తీసి, రాత ఉన్న వైపు పైకి వచ్చేలా కొత్తది నొక్కి పెట్టడమే. ఒక్క హెచ్చరిక. ‘అయినా సరే ముందుకు వెళ్లు’ అని కింద చిన్నగా ఒక లింకు వస్తుంది, దాన్ని నొక్కి పని కానిచ్చే అలవాటు మాత్రం చేసుకోకండి. క్లయింట్ల పాన్ నంబర్లు, పాస్‌వర్డ్లు మీ చేతిలో ఉంటాయి.

విండోస్ 7 సంగతి మీకు నచ్చకపోయినా ఉన్నదున్నట్టు చెప్పాలి. దానికి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆపేసింది. క్రోమ్ కూడా దాని మీద 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది, ఆ తర్వాతవి ఎక్కవు. కొత్త పద్ధతుల్లో కట్టిన సైట్లు ఆ పాత బ్రౌజర్‌లో సగమే తెరుచుకోవడం నెట్‌వర్క్ తప్పు కాదు, ఏ కేబుల్ మార్చినా బాగుపడదు. దాన్ని బ్యాంకు పనులకు, రిటర్నులకు వాడకండి. ఊరికే పారేయమనీ అనను, స్కాన్ చేసిన కాగితాలు దాచుకోవడానికి, నెట్ అక్కర్లేని టైపింగ్‌కు బాగానే పనికొస్తుంది. విండోస్ 10కు కూడా మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది కాబట్టి, కొత్తది కొనేటప్పుడు అది లెక్కలో పెట్టుకోమని సార్‌కు చెప్పండి.

ఇప్పుడు ఈ గొడవ తీరినా, ఇంకోరోజు ఇంకేదో వస్తుంది. ‘నెట్ రావట్లేదు’ అనే ఒక్క మాట కింద నాలుగైదు జబ్బులు దాక్కుంటాయి. ఎవరైనా ఆ మాట అనగానే అన్నీ ఆఫ్ చేసి ఆన్ చేయకుండా, మెట్టు మెట్టుగా బయటికి నడవండి. నల్ల తెరలో పింగ్ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, ముందు రౌటర్ నంబరు ఇవ్వండి. ‘రిప్లై ఫ్రమ్’ అని నాలుగు వరుసలు వస్తే రౌటర్ దాకా దారి బాగుంది. రాకపోతే కేబుల్ చూడండి, ఐపీ అడ్రస్ చూడండి. ఐపీ 169.254 అని మొదలైతే, ఆ సిస్టమ్ నంబరు అడిగినా ఎవరూ పలకలేదని, అందుకే తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. చాలాసార్లు అది కేబుల్ చివర ప్లాస్టిక్ కొక్కెం విరిగి, పోర్టులోంచి రవ్వంత బయటికి జారడం వల్లే. వేలితో లోపలికి నెట్టి చూడండి, టిక్కుమని శబ్దం రావాలి. రాలేదంటే ఆ కనెక్టర్ మళ్లీ క్రింప్ చేయించాల్సిందే, అంటే కేబుల్ చివర కొత్తది బిగించాల్సిందే.

రౌటర్ పలికితే తర్వాత పింగ్ 8.8.8.8 కొట్టండి. అది గూగుల్ 2009 నుంచి అందరికీ ఉచితంగా నడుపుతున్న డీఎన్ఎస్ సర్వర్. అది పలక్కపోతే లైన్ తెగింది, అప్పుడు మాత్రమే ఇంటర్నెట్ వాళ్లకు ఫోన్ చేయండి. ఫైబర్ పెట్టె మీద లాస్ (LOS) అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు వెలుగుతుంటే ఆ మాట కూడా చెప్పండి, బయట ఎక్కడో ఫైబర్ తెగిందని వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. 8.8.8.8 పలికి, సైట్ పేరుతో కొడితే మాత్రం దొరకడం లేదంటే తేడా డీఎన్ఎస్‌లో ఉంది, అంటే పేరు చెబితే నంబరు చెప్పే ఏర్పాటులో. ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్ కొట్టి చూడండి. పోకపోతే రౌటర్‌లోనే డీఎన్ఎస్‌గా 8.8.8.8, అట్లాంటిదే ఇంకొకటైన 1.1.1.1 పెట్టించండి. ఇవన్నీ పలికి, బ్రౌజర్ ఒక్కటే మొరాయిస్తే సెట్టింగ్స్‌లో ప్రాక్సీ (నెట్‌ను ఇంకో సర్వర్ మీదుగా తిప్పే ఏర్పాటు) ఆన్ అయి ఉందేమో చూడండి. ఊరూ పేరూ లేని సాఫ్ట్‌వేర్లు అది పెట్టేసి పోతుంటాయి. మీరు పెట్టుకోనిదైతే ఆఫ్ చేయండి.

అన్ని సిస్టమ్‌లూ ఒక్కసారిగా ఆగిపోయిన రోజు మాత్రం నేరుగా స్విచ్ దగ్గరికి పోండి. ఎర్రగుంట్ల వైపు ఒక బండల పాలిష్ యూనిట్ ఆఫీసులో ఈ తిప్పలు నేనే పడ్డాను. పొద్దునంతా రౌటర్ మార్చి, సెట్టింగ్స్ మార్చి, మధ్యాహ్నానికి విసిగిపోయి స్విచ్ ముందు కింద కూర్చున్నాను. దాని మీద బండల పొడి తెల్లగా పేరుకుని ఉంది. ఆ పొడి కింద లైట్లు ఒక్కోటి ఒక్కో తీరుగా ఆడాల్సింది పోయి, ఎనిమిదీ ఒకేసారి, ఒకే వేగంతో దడదడ కొట్టుకుంటున్నాయి. అప్పుడు కనబడింది, ఒక పొట్టి నీలం కేబుల్ మూడో పోర్టులోంచి వచ్చి చుట్టు తిరిగి ఏడో పోర్టులోకే పోతోంది. అంతకుముందు రోజు ఊడ్చేటప్పుడు కేబుల్ చివర వేలాడుతోందని, పాపం శుభ్రంగా ఉంటుందని ఎవరో ఖాళీగా ఉన్న పోర్టులో పెట్టారు. అందరికీ పంపిన కేక ఆ కేబుల్ వెంట గుండ్రంగా తిరిగి తిరిగి, స్విచ్‌ను ఇంకే పనీ చేయనివ్వలేదు. ఆ ఒక్క చివర పీకగానే ఆఫీసు మొత్తానికి నెట్ వచ్చింది. మీ స్విచ్‌లో ఏ కేబుల్ ఏ టేబుల్‌ది అని చిన్న కాగితం ముక్కలు అంటించి పెట్టుకోండి, ఆరోజు నాకు అది ఉంటే అరపూట మిగిలేది.

20వ తేదీ గురించి ఒక్క మాట. నెలనెలా వేసే జీఎస్టీఆర్ 3బీ రిటర్నుకు ఆఖరు రోజు కాబట్టి దేశమంతా అదే పోర్టల్ మీద పడుతుంది. ఆరోజు మిగతా సైట్లన్నీ వచ్చి పోర్టల్ ఒక్కటే నెమ్మదిగా ఉంటే దాన్ని మీ నెట్‌వర్క్ ఖాతాలో వేసుకోకండి, సార్‌నూ వేయనివ్వకండి. వీలైనన్ని రిటర్నులు 17, 18 తేదీలకే పంపేయండి. బాక్స్ సెట్టింగ్స్ మార్చే పని మాత్రం 20 దాటాక, ఒక శనివారం సాయంత్రం పెట్టుకోండి. అప్పటిదాకా క్యాబిన్ కేబుల్ పీకి ఉంచితే చాలు, సార్ ఫోన్‌లో మొబైల్ డేటా వాడుకుంటారు.

ఇంత చేశాక కూడా ఏదైనా సిస్టమ్ మొండికేస్తే, అది మొండికేసిన సమయంలోనే తీసిన ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ ఫొటో, స్విచ్ ఫొటో కలిపి నాకు పంపండి. చూసి రాస్తాను.